మా జమానాలో ఇట్లుండెనా?

తాండూరులో ముగ్గురు రిటైర్డ్ ఫౌజీలు ఒకచోట కూర్చుంటే మాట పింఛన్ దగ్గర మొదలైనా, కందుల ధర దగ్గర మొదలైనా చివరికి బూట్ల దగ్గరికే వస్తుంది. ఇప్పటి పిల్లల బూట్లు, మా బూట్లు, మాకన్నా ముందువాళ్ల బూట్లు. మాలో అందరికన్నా పెద్దాయనను పెద్ద సాబ్ అంటాం. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, 1963లో భర్తీ అయ్యాడు. ఆయన తొడిగినవి అడుగున ఇనుప మేకులు, మడమకు నాడా కొట్టిన బరువైన తోలు బూట్లు. కొత్తవి చేతికొచ్చినప్పుడు తోలు గరుకుగా ఉండేదట. చెంచాను దీపం మీద కాల్చి, పాలిష్ పూసిన తోలును ఆ వేడి చెంచాతో రుద్ది రుద్ది నున్నగా చేయాలి. ఆ తర్వాత గుడ్డను వేలికి చుట్టుకొని, ఉమ్మి తడితో చిన్న చిన్న సున్నాలు తిప్పుతూ మెరుపు తేవాలి. "మా ఉస్తాద్ నా బూటుల సూస్కుని మీసం దువ్వుకునేటోడు" అంటాడు పెద్ద సాబ్.

నేను 1981లో చేరాను. నాకు ఇచ్చినవి రబ్బరు సోలు బూట్లు. "మేకుల్లేని బూటు ఏం సప్పుడు చేస్తది? సప్పుడు లేని పరేడు పరేడేనా?" అని ఆయన నన్ను ఇప్పటికీ ఎక్కిరిస్తాడు. నాకన్నా పదేళ్లు వెనక చేరిన మా పక్క ఊరి సిగ్నల్స్ హవల్దారును నేను ఎక్కిరిస్తాను. అతను పాపం ఇప్పటి అగ్నివీరులను ఎక్కిరించి సరిపెట్టుకుంటాడు.

పెద్ద సాబ్ లెక్కలో ఫౌజు చెడిపోవడం 1980ల చివర మొదలైంది. నా బ్యాచ్ వాళ్లు 2005 తర్వాత చెడిందంటారు. సిగ్నల్స్ హవల్దారు 2015 దాకా అంతా బ్రహ్మాండంగా నడిచిందని ఒట్టేసి చెబుతాడు. పెద్ద సాబ్ పింఛన్ మీద ఇంటికొచ్చింది 1987లో. నేను 2005లో. హవల్దారు 2015లో. ఈ లెక్క ఒకసారి చాయ్ దగ్గర బయటపెడితే ఇద్దరూ నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు.

అట్లని పాతవాళ్ల మాటలన్నీ గొప్పలని కొట్టిపారేయను. ఇరవై నాలుగేళ్లు తోప్‌ఖానాలో, అంటే ఫిరంగి దళంలో, నౌకరి చేసి నాయబ్ సుబేదారుగా దిగినవాణ్ని. వెనకటి ఫౌజులో ఏది గట్టి పనితనం, ఏది ఒట్టి కష్టం అన్నది విడదీసి చూడొచ్చునని నా నమ్మకం. ఇంకో సంగతి కూడా ఉంది. మా వికారాబాద్ ప్రాంతంలో ఫౌజు జ్ఞాపకం ఒకటి కాదు, రెండు. ఒకటి చాయ్ హోటళ్లలో గట్టిగా వినబడుతుంది. రెండోదాన్ని నేను ఒక్క ముసలాయన దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను రంగ్‌రూట్‌గా చేరింది గోల్కొండలో. దాని అసలు పేరు ఆర్టిలరీ సెంటర్, హైదరాబాద్. 1962 ఆగస్టు 15న ఏర్పడింది. దేశం మొత్తానికి తోప్‌ఖానా రంగ్‌రూట్లను తయారుచేసే సెంటర్లు రెండే, ఒకటి నాసిక్ రోడ్‌లో, ఇంకోటి ఇక్కడ. వికారాబాద్‌లో పొద్దున పాసింజరు ఎక్కితే అన్నం వేళకు చేరేంత దగ్గర. ఆ దగ్గరతనమే నా ప్రాణం తీసింది. రాత్రి పడుకుంటే మా ఊరి దిక్కు పోయే బండి కూత వినబడుతున్నట్టే ఉండేది, వినబడకపోయినా.

పొద్దున గోల్కొండ కోట గోడల పక్క పరుగు. 1687 ముట్టడి నాటి ఫతే రహబర్ ఫిరంగి ఇప్పటికీ పెట్ల బురుజు మీదే ఉంది, ఔరంగజేబు వదిలిపోయిన చోటనే. ఫిరంగి పని నేర్చుకోవడానికి ఇంతకన్నా తగిన జాగా ఉండదు గాని, మా ఉస్తాద్‌కు చరిత్ర చెప్పే తీరిక లేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు హిందుస్తానీ సిపాయిల చేతుల్లోంచి తోపులు లాక్కున్నారని, బొంబాయి వైపు నాలుగు పర్వత బ్యాటరీలను, మన హైదరాబాద్ కాంటింజెంట్‌లోని ఫీల్డ్ బ్యాటరీలను మాత్రమే ఉండనిచ్చారని నేను చదివి తెలుసుకున్నది పింఛన్ వచ్చాక. దాదాపు దేశమంతా మనవాళ్లకు తోపు ముట్టుకునే హక్కు లేని రోజుల్లో ఈ దక్కన్‌లో మనవాళ్లే తోపు నడిపారు. రంగ్‌రూట్‌గా ఉన్నప్పుడు ఆ ముక్క తెలిసి ఉంటే ఇంకో రెండు గజాలు ఎక్కువ ఉరికేవాణ్నేమో.

నాకు కలిసొచ్చింది భాష. తాండూరు అంటే ఇటు తెలుగు, అటు సేడం, చించోళి వైపు కన్నడ, మధ్యలో బజారంతా ఉర్దూ. సెంటర్‌లో పాఠాలు హిందుస్తానీలో. నోట్సు రాసుకునేది ఆ హిందుస్తానీనే ఇంగ్లీషు అక్షరాల్లో. శ్రీకాకుళం, ప్రకాశం వైపు నుంచి వచ్చిన పిల్లలు ఉస్తాద్ "పీఛే ముడ్" అంటే ముందుకు నడిచి తన్నులు తినేవారు. రాత్రి లైట్లు ఆర్పాక మంచం మీద కూర్చోబెట్టి వాళ్లకు "దాయే, బాయే, థమ్" నేర్పేది నేను. బదులుగా వాళ్లు నా బెల్టు ఇత్తడికి బ్రాసో పెట్టేవాళ్లు. ఈ బేరం ఉస్తాద్‌కు తెలియదనుకున్నాం. పాసింగ్ అవుట్ నాడు నవ్వుతూ, "తేరా మదర్సా అచ్ఛా చలా" అన్నాడు.

పాతవాళ్లు క్రమశిక్షణ అన్న పేరుతో రెండు వేరు వేరు వస్తువులను ఒకే మూటలో కడతారు. మంచం మీద కిట్టు పరచడం ఒకటి. మెస్ టిన్ను, మగ్గు, హౌస్‌వైఫ్ అని పిలిచే సూదిదారాల సంచి, సాక్సులు, మడతపెట్టిన దుప్పటి, దేని జాగాలో అది. చూడ్డానికి చాదస్తం. కాని చీకట్లో, వానలో, లైటు వెలిగించకూడని చోట తన సామాను చేతికి దొరకాలంటే ఆ చాదస్తం కావాలి. నేనిప్పటికీ కరెంటు పోతే ఇంట్లో ఏ వస్తువైనా తడుముకోకుండా తెస్తాను. మా ఇంటావిడ దాన్నే జబ్బు అంటుంది.

రగడా ఇంకొకటి. ఒకడు తప్పు చేస్తే ముప్పైమందిని ఎండలో రైఫిల్ తలమీద పెట్టుకొని ఉరికించడం, గులకరాళ్ల మీద మోచేతులతో పాకించడం, ఫ్రంట్ రోల్ వేయించి వేయించి కక్కించడం. మా మోచేతుల మచ్చలు చూపించుకొని "అదీ ట్రైనింగ్ అంటే" అంటారు ముసలి ఫౌజీలు. అది నాకు నేర్పింది ఒక్కటే: తప్పు చేసినవాణ్ని దాచిపెట్టడం. ఉస్తాద్ అడిగితే ముప్పైమందీ నోరు మెదపరు. దీన్ని ఐకమత్యం అని చెప్పుకుంటాం. నిజమే, ఒక రకం ఐకమత్యమే. తోపు దగ్గర మాత్రం తప్పు జరిగిన క్షణంలోనే "స్టాప్" అని అరిచేవాడు కావాలి, దాచేవాడు కాదు. అందుకే మంచి నంబర్ వన్‌లు, అంటే ఒక్కో తోపు బృందాన్ని నడిపే హవల్దార్లు, తమ డిటాచ్‌మెంట్‌లో రగడా పెట్టరు. నేను చూసినవాళ్లలో అందరికన్నా కఠినమైన నంబర్ వన్ ఒక జాట్ హవల్దారు. గొంతు పెంచింది వినలేదు. గుండు ఫ్యూజు మీద ఒకడు మట్టి చేతులు పెట్టినందుకు వాణ్ని ఆ రోజంతా తోపు పక్కన నిలబెట్టాడు, చేతులు కడుక్కోనివ్వకుండా. అన్నం కూడా ఆ చేతులతోనే తినమన్నాడు. వాడు మళ్లీ ఎప్పుడూ ఆ పని చేయలేదు.

తోపుల విషయంలో పెద్ద సాబ్ గర్వపడటానికి హక్కుంది. ఆయన నడిపింది రెండో ప్రపంచ యుద్ధం నాటి 25 పౌండర్. గుండు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. పోయేది పన్నెండు కిలోమీటర్లు. గుండు వేరు, మందు వేరు. దూరాన్ని బట్టి మందు సంచులు తీసేయాలి, పెట్టాలి. నేను చేరేనాటికి రష్యా 130 మిల్లీమీటర్ల తోపు వచ్చేసింది. దాని గుండు ముప్పై మూడు కిలోలు, వేటు 27 కిలోమీటర్లు. తర్వాత మన 105 ఫీల్డ్ గన్, ఆ తర్వాత 1986 ఒప్పందంతో 410 బోఫోర్సు తోపులు. పత్రికల్లో బోఫోర్సు అంటే లంచాల కథ. తోపు కాళ్ల దగ్గర నిలబడ్డ మాకు మాత్రం అది స్వంత ఇంజనుతో కొంత దూరం తానే నడవగలిగిన మొదటి తోపు. రెండు కథలూ నిజమే. ఒకదానితో ఒకటి కొట్టుకుపోదు.

తోపు కంటే గొప్ప పని తోపు వెనక జరుగుతుంది. ఎదుటి కొండ మీద ఓపీలో, అంటే నిఘా పోస్టులో, కూర్చున్న అఫ్సర్ వైర్‌లెస్‌లో నిశానా చెబుతాడు. బ్యాటరీ దగ్గర గుంటలో కూర్చున్న టెక్నికల్ అసిస్టెంట్, మేము టీఏ అంటాం, బోర్డు మీద కాగితం పరిచి, పిన్ను గుచ్చి, స్కేలు తిప్పి, రేంజి టేబుళ్లు చూసి, గాలి ఎటు వీస్తోంది, మందు ఎంత వేడెక్కింది, తోపు గొట్టం ఎంత అరిగింది, అన్నీ కూడి తీసి తోపుకు కోణం, దిక్కు చెబుతాడు. పెద్ద సాబ్ టీఏగా పనిచేశాడు. పదో తరగతి తప్పినవాడు లాగరిథం పుస్తకం తిరగేసి నిమిషంలో జవాబు చెప్పేవాడు. నేను ఇంటర్ చదివి కూడా ఆ వేగం అందుకోలేదు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని సెకన్లలో అయిపోతోంది, తప్పులూ తగ్గాయి. కాని కంప్యూటర్ తప్పు చెబితే "ఇది తప్పు" అని పసిగట్టే ముక్కు పెన్సిలు పట్టినవాడికే ఉంటుంది. పాతకాలంలో గట్టిదేది అని నన్నడిగితే బూట్లు కాదు, ఇది అంటాను. విచిత్రమేమిటంటే పెద్ద సాబ్ చాయ్ దగ్గర దీన్నెప్పుడూ ఎత్తడు. నేనే గుచ్చి గుచ్చి అడగాలి. బూటు మెరుపు అందరికీ కనబడింది, శభాష్ తెచ్చింది. రేంజి టేబులు గుంటలో జరిగిన పని, ఎవరూ చూడలేదు.

తోప్‌ఖానాకు జెండా ఉండదు. పల్టన్లకు వాటి నిషాన్ ఎట్లనో మాకు తోపే అట్ల. కసమ్ పరేడ్ నాడు తోపు ముందు ప్రమాణం చేశాం. సెప్టెంబరు 28 గన్నర్స్ డే. 1827లో అదే తారీఖున బొంబాయి పర్వత బ్యాటరీ పుట్టింది కాబట్టి. ఆ రోజు తాండూరులో నలుగురం కలిసి క్యాంటీన్ రమ్ము ఒక సీసా తెచ్చుకుంటాం. అందులో తోప్‌ఖానా వాళ్లం ఇద్దరమే. మిగతా ఇద్దరూ గౌరవ అతిథులు.

ఇంటి సంగతి చెప్పాలంటే ఆ కాలం మెచ్చుకోదగ్గది కాదు. మా చిరునామా పేరు, నంబరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో. లేకపోతే 99 ఏపీవో. మనిషి సరిగ్గా ఎక్కడ ఉన్నాడో ఇంట్లోవాళ్లకు తెలిసే వీలు లేదు. ఇన్‌లాండ్ లెటరు పోను, రాను కలిపి నెల. మనియార్డరు పోస్టుమన్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "నీ కొడుకు బతికే ఉన్నడవ్వా" అని పరాచకమాడి ఐదు రూపాయలు తీసుకునేవాడు. మా నాయిన పోయినప్పుడు టెలిగ్రాం నాకు అందేసరికి పదో రోజు కూడా అయిపోయింది. ఇప్పటి పిల్లలు లడాఖ్ నుంచి వీడియో కాల్‌లో తల్లికి భోజనం ప్లేటు చూపిస్తున్నారు. "గట్లయితే సిపాయికి గుండె గట్టిపడతదా" అంటాడు సిగ్నల్స్ హవల్దారు. నాయిన కాష్ఠం దగ్గర లేకపోవడం వల్ల నా గుండె ఏం గట్టిపడిందో నాకిప్పటికీ తెలియదు.

పేర్ల గోల ఇంకొకటి. భర్తీ నాడు గుమాస్తా మన తెలుగు పేరును ఇంగ్లీషులో ఎట్ల విన్నాడో అట్ల రాశాడు. పెళ్లయితే పార్ట్ టూ ఆర్డరులో భార్య పేరు ఇంకో తీరుగా పడుతుంది. రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి. మనిషి ఉన్నంతకాలం బాధ లేదు. పోయాక విధవరాలి పింఛన్ కాగితాలు తిరుగుతూనే ఉంటాయి. మా దగ్గరికి వచ్చే సహాయాల్లో ఎక్కువ ఇవే. నవంబరు వచ్చిందంటే బతికున్నట్టు సర్టిఫికెట్టు. 2014 నుంచి అది వేలిముద్ర మెషీను మీద. పెద్ద సాబ్ బొటనవేలు మెషీను పట్టదు. "బూట్ పాలిష్‌ల అరిగిపాయె" అంటాడు. మీసేవ పిల్లగాడు కంటిపాప ఫొటో తీసి గట్టెక్కిస్తాడు.

ఇక రెండో జ్ఞాపకం సంగతి.

వికారాబాద్ అన్న ఊరి పేరే ఫౌజుతో ముడిపడింది. వికార్ ఉల్ ఉమ్రా పేరు మీద వెలిసిన ఊరు ఇది. ఫలక్‌నుమా కట్టించిన ఆ నవాబు పాయెగా వంశస్థుడు, 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ దీవాన్. పాయెగా జాగీర్లను నిజాంలు ఊరికే ఇవ్వలేదు. గుర్రపు దళాలను పోషించి, పిలిచినప్పుడు తేవాలన్నది షరతు. అంటే ఈ చుట్టుపక్కల కంది చేలు, జొన్న చేలు కట్టిన శిస్తులో ఒక భాగం గుర్రాల దాణాగా మారింది. కాలం గడిచేకొద్దీ ఆ దళాలు పేరుకే మిగిలాయి, మహళ్లు పెరిగాయి. 1949లో జాగీర్ల రద్దుతో అదీ ముగిసింది.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ముసలాయన ఉండేవాడు. పిల్లలం సిపాయి తాత అనేవాళ్లం. ముస్లిం. నిజాం ఫౌజులో సవారు. 1930ల చివర చేరి, 1948 పోలీస్ చర్య తర్వాత ఇంటికొచ్చాడు. మిగతా బతుకంతా నాపరాయి గనిలో పని, పక్కన ఎకరన్నర చెల్కలో సాగు. గూడు మీద ఒక రేకు డబ్బాలో ఉర్దూ కాగితం ఉండేది, అదే ఆయన డిశ్చార్జి. ట్రైనింగ్ అయి మొదటి ఛుట్టీకి ఇంటికి వచ్చినప్పుడు నా బూట్లు చూపించడానికి ఆయన దగ్గరికి పోయాను. ఊళ్లో వాటి విలువ తెలిసినవాడు ఆయనొక్కడే అనుకున్నాను. ఆయన బూట్లు చూడనే లేదు. "మీ దగ్గర ముందుగాల ఎవరు తింటరు బేటా?" అన్నాడు. నాకర్థం కాలేదు. "మా దగ్గర ముందుగాల ఘోడా తినాలె. ఘోడా తిన్నంక సవారు. సవారు తిన్నంక అఫ్సర్. ఉల్టా అయిన దినం ఫౌజు లేదు, ఖతం" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. లంగర్ అని, లైను కట్టి తింటామని నేనేదో గొణిగాను.

ఆయన "మా జమానాలో" అని ఎందుకు అనలేదో నాకు చాలా ఏళ్లకు తట్టింది. మాకు రెజిమెంటు ఉంది, గన్నర్స్ డే ఉంది, క్యాంటీన్ కార్డు ఉంది, అదే నంబరు మీద ఇంకా నడుస్తున్న యూనిట్ ఉంది. మేము గొప్పలు చెప్పుకుంటే కాదనేవాడు కూడా ఫౌజీయే. ఆయన ఫౌజు 1948 సెప్టెంబరు 18న నిజాం సేనాపతి జనరల్ ఎల్ ఎద్రూస్, భారత ఫౌజు జనరల్ చౌదరికి లొంగిపోవడంతో ముగిసింది. సెప్టెంబరు 13న మొదలైన చర్య ఐదు రోజుల్లో అయిపోయింది. షోలాపూర్ దారిలో నల్‌దుర్గ్, జహీరాబాద్ మీదుగా వచ్చిన టాంకులు మా ప్రాంతానికి ఉత్తరంగా దాటిపోయాయి. తర్వాత ఆ ఫౌజులో ఎక్కువ భాగాన్ని రద్దు చేసి ఇళ్లకు పంపారు. ఊళ్లో జనానికి నిజాం ఖాకీ అంటే రజాకార్ ఖాకీయే గుర్తు. జీతానికి పనిచేసిన సిపాయి వేరు, ఊళ్ల మీద పడ్డ రజాకార్ వేరు అని నిలబడి చెప్పుకునే వాతావరణం అప్పుడు లేదు. రజాకార్ల దెబ్బ తిన్న ఇళ్లు పక్క వీధిలోనే ఉన్నాయి. నోరు మూసుకోవడమే మేలని సిపాయి తాత అనుకుని ఉంటాడు.

ఆ ఫౌజు చరిత్రలో గర్వమూ ఉంది, సిగ్గూ ఉంది. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు కంచు సిపాయిల్లో ఒకడు హైదరాబాద్ లాన్సర్స్ వాడు, మిగతా ఇద్దరూ జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. 1918లో పాలస్తీనాలో పోరాడిన దళం అది. అయితే సెప్టెంబరు 23న హైఫా మీదికి గుర్రాలు ఉరికించింది జోధ్‌పూర్, మైసూర్ సవార్లు. ఈ తేడా చెబితే మా తాండూరు వాళ్లకు కోపం వస్తుంది. రెండో యుద్ధంలో ఇంకో తీరు. 1941 డిసెంబరు 8న జపానువాళ్లు మలయాలో కోటా భారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో హైదరాబాద్ సంస్థానపు 1వ ఇన్‌ఫెంట్రీ ఉంది. అది చెదిరిపోయింది. ఆపబోయిన కమాండింగ్ అఫ్సర్ కర్నల్ హెండ్రిక్స్ సొంత జవాన్ల చేతిలోనే చనిపోయాడని చరిత్రకారులు రాశారు. వెనకటి ఫౌజులన్నీ ఉక్కు ఫౌజులే అని ఎవరైనా అంటే నాకు కోటా భారు గుర్తొస్తుంది. ఘోడాకు ముందు ఎవరు తిన్నారో అక్కడ అనిపిస్తుంది.

హైదరాబాద్ పేరు మోసిన ఫౌజు ఇంకోటి బతికింది, మనవాళ్లు లేకుండా. ఇంగ్లీషువాళ్ల 19వ హైదరాబాద్ రెజిమెంటులో ఉన్నది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో పేరును కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో చేరింది హైదరాబాద్ పేరున్న ఆ రెజిమెంటులోనే. దక్కన్ హార్స్ పేరు ఇప్పటికీ నడుస్తోంది. 1916లో ఫ్రాన్సులో గుర్రాల మీద దూకిన ఆ దళం 1965లో అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్ టాంకుల మీద పోరాడింది. సిపాయి తాత ఫౌజుకు మిగిలింది మాత్రం పట్నంలో బస్సు స్టాపుల పేర్లు: ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్, బార్కాస్. కండక్టరు రోజూ అరుస్తాడు. ఎక్కేవాడికీ దిగేవాడికీ అది ఏ ఫౌజో పట్టదు.

ఇప్పటి సంగతికి వస్తాను. 2022 జూన్ 14న ఫౌజు భర్తీకి అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల నౌకరి, అందులో నూటికి ఇరవై ఐదుగురిని ఉంచుకుంటారు. మూడో నాడు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక పిల్లగాడు చనిపోయాడు. ఆ రోజు మా లైనులో బండ్లు నిలిచిపోయాయి. రెండేళ్లుగా పొద్దున పూట రోడ్లమీద ఉరికిన మా ఊరి పిల్లలు ఇంటి ముందు కూర్చొని ఫోన్లు చూస్తున్నారు. కరోనా వల్ల భర్తీ ర్యాలీలు ఆగిపోయి, వయసు దాటిపోతున్నవాళ్లు.

పెద్ద సాబ్ ఈ పథకాన్ని ఒప్పుకోడు. ఇక్కడ ఆయనతో నాకు గొడవ లేదు. నాలుగేళ్లలో గుండు ఎత్తేవాడు తయారవుతాడు, తోపు గురిపెట్టేవాడు తయారవుతాడు. నంబర్ వన్ కాడు. ఆరుగురి ప్రాణం చేతిలో పెట్టుకొని "ఫైర్" అనగలిగే హవల్దారుకు పదేళ్లు పైన పడుతుంది. నలుగురిలో ఉంచుకున్న ఒకడి నుంచి ఆ మనిషి వస్తాడని సర్కారు లెక్క. రావచ్చు. వచ్చేదాకా మిగిలిన ముగ్గురూ ఒకరినొకరు ఎట్ల చూసుకుంటారన్నది నా బెంగ. మేము పక్కవాడి కిట్టు సర్దిపెట్టేవాళ్లం. రేపు వాడు ఉండి నేను పోవాల్సి వస్తుందని తెలిస్తే సర్దేవాణ్నా?

పిల్లలు మెత్తబడ్డారన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. కిలోమీటరు ఆరొందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఉరికితేనే నిండు మార్కులు, పది పులప్‌లు, 9 అడుగుల గుంత దూకుడు. దానికి ముందు ఆన్‌లైన్ పరీక్ష. 1981లో మమ్మల్ని ఛాతీ కొలిచి, కళ్లు చూసి, ఉరికించి తీసుకున్నారు. ఈ పరీక్ష పెడితే నా బ్యాచ్‌లో సగంమంది ఇంటికి పోయేవాళ్లు, బహుశా నేనూ. పరుగుకు మా పిల్లలు అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు. పట్నపోళ్లు కార్లలో మూసీ పుట్టిన చోటు చూడటానికి వచ్చే ఆదివారం మాత్రం వద్దంటాను. ఈ మధ్య ఇంకో కొత్త ఆశ కూడా పుట్టింది. పూడూరు దగ్గర దామగుండం అడవిలో నేవీ రేడియో స్టేషన్‌కు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. నీటి కింద తిరిగే జలాంతర్గాములకు సంకేతాలు పంపేది. తమిళనాడులోని దాని తర్వాత దేశంలో ఇది రెండోది. సముద్రం చూడని జిల్లాకు నావికులు వస్తున్నారు. అడవి పోతుందని కొందరు, నౌకర్లు వస్తాయని కొందరు. ఇటు పింఛన్ ఫౌజీలు కూడా రెండు చీలికలైనారు. నేను దామగుండం గుడి దగ్గర చెట్ల కింద వనభోజనాలు చేసినవాణ్ని, నాకు అడవి మీదే మనసు.

రిటైరయ్యాక పొద్దున పూట నేను కొందరు పిల్లలకు ఉరకడం నేర్పుతున్నాను, ఫీజు లేకుండా. గుంత తవ్వించాను, పులప్‌లకు రెండు వాసాల మీద ఇనుప పైపు బిగించాను. మోకాలు పాడుకాకుండా ఎట్ల దిగాలో, చివరి నాలుగొందల మీటర్లకు ఊపిరి ఎట్ల దాచుకోవాలో చెబుతాను. మ్యాపు చదవడం, తూర్పు పట్టడం కూడా నేర్పుతున్నాను. పరీక్షలో అడగరని తెలిసినా సరే. రగడా లేదు. మోకాళ్ల మీద నిలబెట్టడం లేదు. పోయిన చలికాలం ఇద్దరు పిల్లలు వచ్చి తలకాయలు వంచుకొని, "సార్, మీరు గట్టిగ లేరు. పట్నంల కోచింగ్ ఉన్నది, ఆడ బెల్టుతోని కొడ్తరట, గదైతే జల్ది సెలెక్షన్ అయితదట" అన్నారు. నెలకు ఎంత అని అడిగాను. చెప్పారు. మరుసటి సోమవారం నుంచి రాలేదు.